రాగి కాగు మీద చెయ్యి

డ్రాయింగులో ఒక్క తప్పు కూడా మిగలకుండా చూసుకోవడం నా ఉద్యోగం. నా జబ్బు కూడా అదే. చెక్ దేశంలో మా జాటెట్స్ ఊరి చివర కరెంటు ప్యానెళ్ళు తయారుచేసే చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని తీగలు గీస్తున్నాను. ప్రతి షీటుకీ కుడివైపు అడుగున మూడు గడులుంటాయి: గీసినవారు, తనిఖీ చేసినవారు, తేదీ. రెండో గడిలో నిజంగా చూసిన మనిషి పేరే ఉండాలని నా పట్టు. ఒకసారి మా మేనేజరు చూడకుండానే పేరు రాయబోతే చేతిలోంచి కాగితం లాక్కున్నాను. అప్పటినుంచీ నన్ను వెనకాల పోలీసమ్మ అంటారు. అననీ.

ఆ వేసవిలో ఇంటికోసం ఒక డ్రాయింగు గీశాను. దాని రెండో గడిలో ఏం రాశానో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే పోలీసమ్మ పరువు పోతుంది.

ఆగస్టు మొదటివారం. బీరుకి చేదునిచ్చే హాప్ తీగలు తాళ్ళు పట్టుకుని కరెంటు స్తంభాల ఎత్తుకు పాకి, మా ఊరు చుట్టూ పచ్చటి గోడలు లేపిన రోజులు. బడికి సెలవులు కావడంతో మా ఆయన వీత్ ఇంట్లోనే ఉన్నాడు. వీత్ లెక్కల మాస్టారు. నలభై ఏళ్ళు హాప్ బట్టీల్లో కరెంటు పనిచేసిన ఓతకర్ గారి ఏకైక కొడుకు. ఫ్యూజు పోతే కొవ్వొత్తి వెతుక్కునే రకం.

"రాద్కా, ఇంట్లో బీరు కాద్దాం," అన్నాడు ఒక పొద్దున, రొట్టెకి వెన్న రాస్తూ.

"కొనుక్కుంటే దొరకదా? వీధికో బీరుకొట్టు ఉంది."

"పచ్చి హాప్ వేసి కాసింది దొరకదు. నాన్న ఎప్పుడూ అనేవాడుగా, బట్టీలో ఎండబెట్టకుండా, కోసిన పూటే వేసి కాస్తే ఎలా ఉంటుందో చూడాలిరా అని. జీవితమంతా బట్టీలు బాగుచేశాడు, ఆ ఒక్కటీ చూడలేదు. కింద ఆయన రాగి కాగు ఉంది. ఇంకో రెండు పాత్రలు, ఒక పంపు, వేడి ఎంతుందో చూసే మీటర్లు. నువ్వు బొమ్మ గీసిస్తే మిగతాది నేను చూసుకుంటా."

"మిగతాది అంటే తాగడమేనా?"

పొయ్యి దగ్గరున్న మా అత్తయ్య బ్లజేనా వెనక్కి తిరగకుండానే నవ్వింది. మామయ్య ఫిబ్రవరిలో పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ నవ్వుకోసం ఒప్పుకున్నాను.

మామయ్య గురించి ఒక్కటి చెప్పాలి. ఆయన ఏ బోర్డులో స్క్రూ బిగించినా, గట్టిగా బిగిసిందని తేలాక దాని నెత్తిమీద ఎర్రటి చుక్క పెట్టేవాడు. చుక్క చెదిరితే స్క్రూ కదిలిందని గుర్తు. మిగతా పనివాళ్ళు దానికి డబ్బా రంగు వాడతారు. ఆయన అత్తయ్య గోళ్ళరంగు సీసా ఎత్తుకుపోయేవాడు. "నా గోళ్ళకంటే ఈ ఊరి బట్టీలకే ఎక్కువ సింగారం చేశాడు," అనేది ఆమె. ఆయన్ని శవపెట్టెలో పెట్టినప్పుడు కోటు పైజేబులో టెస్టర్నీ, ఆ ఎర్ర సీసానీ వీత్ స్వయంగా పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. సీసా మూత సరిగ్గా ఉందో లేదో చూసింది కూడా నేనే, చెప్పానుగా జబ్బు అని.

ఆఫీసు నుంచి వచ్చాక రోజుకో రెండు గంటలు డ్రాయింగుమీద కూర్చునేదాన్ని. నేను వాడే ప్రోగ్రాము మంచి గుమాస్తా లాంటిది. హీటరు బొమ్మ తెచ్చి పెడితే తనే దానికో నంబరు ఇస్తుంది. పంపుని ఆడించే రిలే స్విచ్చి పెడితే ఆ రిలే ఎక్కడెక్కడ పనిచేస్తుందో తనే రాసుకుంటుంది. ప్రతి తీగకీ రెండు కొసలూ చెప్పాలి, ఇక్కడ మొదలు, అక్కడ ఆఖరు. చెప్పకపోతే ఊరుకోదు. చివర్లో తనిఖీ బటను నొక్కితే ఎర్ర అక్షరాల్లో తప్పులన్నీ వరసగా చూపిస్తుంది.

అంతకుముందు ఏడాది దాకా మామయ్య పక్కన కుర్చీ వేసుకుని చూసేవాడు. "కాగితం మీద కరెంటు పారదమ్మాయ్," అంటూనే, వేలు తెరమీద ఆనించి, "ఇదిగో, ఇక్కడ నీ తీగ గాల్లో వేలాడుతోంది," అని నా తప్పులు పట్టేవాడు. పందికొవ్వు రాసిన రొట్టె తిన్న వేలు. తెర కింది మూల ఆ మరక ఇంకా ఉంది. నేను తుడవలేదు.

రెండువారాల్లో తప్పులు నలభై నుంచి పన్నెండుకి, పన్నెండు నుంచి ఒకటికి వచ్చాయి. ఆ ఒక్కటే మిగిలింది. కారిన కరెంటుని నేలలోకి పంపడానికి కాగు ఒంటికి కట్టాల్సిన ఎర్తు తీగ, పచ్చా పసుపూ చారల తీగ. ఒక కొస కాగు దగ్గర. రెండో కొస కింద మెట్లగోడకున్న పాత బోర్డులో ఎక్కడో. ఆ బోర్డులో ఏముందో నాకు తెలియదు కాబట్టి గీయలేదు. 'తీగ రెండో కొస తెలియదు' అని ఎర్రగా చూపిస్తోంది. ఆ వాక్యం సరిగ్గా మామయ్య వేలి మరక కింద వచ్చి ఆగింది. వెంటనే కంప్యూటరు మూసేశాను. ఎందుకు మూశానో అప్పుడు అడిగితే కళ్ళు లాగుతున్నాయని చెప్పేదాన్ని.

మర్నాడు సాయంత్రం బోర్డు చూద్దామని దిగాను. మా ఇంటి కింది గది ఒకప్పుడు బట్టలుతికిన గది. పల్లంగా, ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. నేలమీద చెక్కపలకలు పరిచి ఉంటాయి. మూలన మామయ్య పదకొండేళ్ళ కిందట అడుగున హీటరు బిగించిన రాగి కాగు. అత్తయ్య గిన్నెలకీ, స్నానానికీ అందులోనే నీళ్ళు కాస్తుంది.

మెట్లమీద ఉండగానే ఆమె గొంతు వినిపించింది.

"ఓతా! కరిచింది!"

ఆ కేక నాకు కొత్త కాదు. హీటరు పెట్టిన పదకొండేళ్ళలో ఎన్ని వందలసార్లు విన్నానో. కాగు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది, ఆమె అరుస్తుంది, పైనుంచి మామయ్య "రేపు చేస్తా, బ్లజేనా, రేపు!" అంటాడు. కమ్మరి గుర్రానికే నాడాలుండవని మా దగ్గర సామెత. కానీ ఆయన పోయి ఆరునెలలైంది.

అత్తయ్య రబ్బరు బూట్లు వేసుకుని చెక్కపలక మీద నిలబడి ఉంది. కుడిచెయ్యి కాగు అంచుమీద. కళ్ళు మూసుకుని, తల కాస్త వెనక్కి వాల్చి, ఎవరైనా వెనకనుంచి మాట్లాడితే విన్నట్టుగా ఉంది. నన్ను చూసి చెయ్యి తియ్యలేదు.

"రా. నువ్వూ పట్టుకుని చూడు," అంది. "భయం లేదు. పలక మీద నిలబడు."

ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. నా వేళ్ళు అంచుకు తగిలాయి. సన్నటి వణుకు. చీమలబారు ఒకటి వేళ్ళ కొసలనుంచి మోచేతిదాకా పాకినట్టు. అది చిరపరిచితమైన స్పర్శలా ఉండటమే నన్ను భయపెట్టింది. ఆ తర్వాత క్షణంలో బుద్ధి పనిచేసింది. చెయ్యి లాక్కుని పైకి పరిగెత్తి మీటరు తెచ్చాను. కాగుకీ నీళ్ళ పైపుకీ మధ్య ఎనభై ఏడు వోల్టులు.

రబ్బరు బూట్లు, ఎండిన పలక ఉన్నంతసేపూ అది జివ్వుమనడమే. బీరు కాచే రోజు నేలంతా నీళ్ళే. పలకలు తీసేస్తాం. వీత్ వేసవిలో బూట్లు వేసుకోడు. చిత్తడిలో ఒట్టి కాళ్ళతో నిలబడి ఆ కాగుని రెండు చేతులతో పట్టుకుంటాడు. అప్పుడది కరవడంతో ఆగదు.

గోడబోర్డు తలుపు తీశాను. లోపలివైపు మామయ్య పెన్సిల్ డ్రాయింగు అంటించి ఉంది. ఆయన ముట్టిన ప్రతి బోర్డులోనూ ఉంటుంది. ఎర్తు తీగలు బిగించే ఇత్తడిపట్టీ మీద ఏడు స్క్రూలు. ఆరింటిమీద గుండ్రటి ఎర్రచుక్కలు. ఏడో స్క్రూమీద చుక్క రెండుగా చీలి ఉంది. దాని కిందుండాల్సిన పచ్చా పసుపూ తీగ పక్కకి వంచి ఉంది. కొసకి టేపు కాదు, గాయానికి వేసే ప్లాస్టరు చుట్టి ఉంది.

అంటే మామయ్య ఎర్తు ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరో పీకారు.

వంటింట్లో అత్తయ్య బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, బోర్డులో ఆ తీగ పీకిందెవరు?"

"ఏ తీగ?" కత్తి ఆగలేదు.

"ప్లాస్టరు చుట్టిన తీగ. మామయ్య ప్లాస్టరు చుట్టరు."

"అవును. ఆయనైతే నల్లటేపు చుట్టేవాడు. నాకు టేపెక్కడుందో కనపడలేదు."

నాకు కోపం వచ్చింది. "అది కరెంటు! కరెంటని తెలిసే రోజూ చెయ్యి పెడుతున్నారా?"

"నలభైనాలుగేళ్ళు కరెంటాయనతో కాపురం చేసినదాన్ని, జివ్వుమంటే కరెంటని తెలీదా నాకు?" అంది, అరిచే పిల్లని చూసినట్టు నన్ను చూసి. "ఏం, ముసల్ది దయ్యమనుకుంటోందనుకున్నావా?"

నేను సరిగ్గా అదే అనుకున్నాను.

ఆమె కత్తి కింద పెట్టింది. "పదకొండేళ్ళు రేపు రేపన్నాడు. నా గొంతు పోయింది అరిచి అరిచి. జనవరిలో, ఆస్పత్రికి పోయే ముందురోజు, ఊపిరందక మెట్టుమెట్టుకీ కూలబడుతూ కిందికి దిగాడు. వద్దు మొర్రో అన్నా వినలేదు. తీగ లాగాడు, బిగించాడు, చుక్క పెట్టాడు. పైకొచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని, 'అయిపోయింది బ్లజేనా, ఇంక నీకు అరవడానికేం లేదు' అన్నాడు. నెల తిరగలేదు."

తీసిన దుంపని నీళ్ళలో వేసింది.

"ఆయన సంగతి నీకు తెలుసుగా. పని సగంలో వదిలి ఎక్కడికీ కదలడు. బట్టీలో చిన్న రిపేరు మిగిలితే పెళ్ళిభోజనానిక్కూడా రాలేదు, మా చెల్లెలి పెళ్ళికి. అన్నీ పూర్తిచేసుకున్నాడు కాబట్టే పోయాడు. అందుకని ఒక పని మిగిల్చాను."

"వస్తారనా?" అన్నాను.

"మెట్లదాకా వస్తున్నాడు," అంది అత్తయ్య, ఎదురింటాయన సంగతి చెప్పినంత మామూలుగా. "ఇదివరకు పైనుంచి అనేవాడా రేపు అని. ఇప్పుడు వెనకనుంచి వినిపిస్తుంది. దగ్గరగా."

ఆమెను ఎదిరించి మాట్లాడటానికి నా దగ్గర ఎనభై ఏడు వోల్టులున్నాయి, మీటరుంది, పద్దెనిమిదేళ్ళ అనుభవముంది. వచ్చింది మాత్రం ఏడుపు. "వీత్ చచ్చిపోతాడు అత్తయ్యా," అన్నాను. "ఆ కాగు దగ్గర, తడిలో."

అది ఆమెకి తట్టలేదు. తనకి బూట్లున్నాయి, పలక ఉంది, అంతవరకే ఆలోచించింది. దుంపతొక్కల్ని ఒకవైపుకి పోగుచేసింది.

"ఎప్పుడు కాస్తాడు?"

"షిమేచెక్ గారి హాప్ తోట శనివారం కోస్తారట. కోసిన పూటే."

"ఇవాళ మంగళవారం. బుధ, గురు, శుక్ర. మూడు సాయంత్రాలియ్యి. ఆయనకి నేను చెప్పుకుంటాను. వాడికి మాత్రం చెప్పకు, తట్టుకోలేడు."

తప్పని తెలిసీ తల ఊపాను. నా జీవితంలో తప్పును తెలిసి తెలిసి వదిలేసింది ఆ ఒక్కసారే. ఒక్క షరతు పెట్టాను. కాగు స్విచ్చి వేసినంతసేపూ నేను మెట్లమీద కూర్చుంటాను, నా చెయ్యి బోర్డు మెయిన్ స్విచ్చి మీద ఉంటుంది. పని కాగానే బోర్డుకి తాళం, తాళంచెవి నా సంచీలో.

బుధవారం సాయంత్రం మూడో మెట్టుమీద కూర్చున్నాను. ఊళ్ళో బట్టీలు మొదలయ్యాయి. ఎండుతున్న హాప్ ఘాటు కిటికీలోంచి దిగి కింది గదంతా నిండింది. ఆ వాసన మనిషిని మత్తులో పడేస్తుంది, మా ఊరిపిల్లలు సెప్టెంబరంతా బడిలో తూగుతారు. అత్తయ్య స్విచ్చి వేసింది. చెయ్యి అంచుమీద పెట్టింది.

"ఓతా! కరిచింది!"

జవాబేమీ వినపడలేదు. నేను విననందుకు ఊపిరి వదిలాను. అప్పుడు గమనించాను. నేను మెట్టు మధ్యలో కూర్చున్నదాన్ని, గోడకి ఆనుకుని, మోకాళ్ళు పక్కకి తిప్పుకుని ఉన్నాను. ఎవరైనా దిగుతుంటే దారిచ్చినట్టు. ఎప్పుడు జరిగానో తెలియదు. తిరిగి మధ్యలోకి జరగడానికి నాకు ధైర్యం చాలలేదు.

గురువారం అత్తయ్య చెయ్యి పెట్టగానే బల్బు వెలుగు తగ్గి ఎర్రబడింది. పది లెక్కపెట్టేదాకా అలాగే ఉండి మళ్ళీ వెలిగింది. బట్టీలు ఒకేసారి వేస్తే ఊరంతా వోల్టేజి పడుతుంది, ఏటా ఉన్నదే. అలాగని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పదీ లెక్కపెట్టేటప్పుడు మెయిన్ స్విచ్చి మీది నా చెయ్యి బిగుసుకుపోయింది. తిప్పుదామనుకున్నాను, వేళ్ళు తిరగలేదు.

మేడమీద వీత్ పైపులకి కొలతలు తీసుకుంటూ ఈల వేస్తున్నాడు. "కింద అత్తాకోడళ్ళేం గుసగుసలు పోతున్నారు?" అని కేకేశాడు.

"నీ గురించే!" అని అరిచింది అత్తయ్య, చెయ్యి తియ్యకుండా.

శుక్రవారం ఆమె తలకి పండగరోజు కట్టుకునే రుమాలు కట్టుకుని దిగింది. ఎప్పటిలా అరవలేదు. కాగు అంచుని నిమురుతూ మెల్లగా మాట్లాడింది. నేను చెవులు మూసుకోలేదు, మూసుకోవాల్సింది.

"విన్నావా, రేపు వాడు కాస్తున్నాడు. నువ్వు చూడాలన్న బీరే. వాడు పంతులు, నీకు తెలుసుగా, బూట్లేసుకోడు. కాబట్టి ఈసారి రేపు అనకు. పదకొండేళ్ళు రేపన్నావు, ఊరుకున్నాను. తెల్లారేలోపల చెయ్యి. చేసేసి పో." అంచుని ఇంకోసారి నిమిరింది. "నేనేం పిలవను ఇంక."

చెయ్యి తీసి, ఏప్రన్‌కి తుడుచుకుని, నన్ను దాటి పైకి వెళ్ళిపోయింది. నేను బోర్డు లోపలికి చూశాను. ప్లాస్టరు చుట్టిన తీగ ఎక్కడిదక్కడే ఉంది. తాళం వేశాను. చెవి నా ఆఫీసు సంచీలో, గుర్తింపుకార్డు వెనకున్న జిప్పు అరలో పెట్టాను. పొద్దున్నే లేచి నేనే బిగించాలి. ఏ స్క్రూడ్రైవరు, ఏ కొస, అన్నీ బల్లమీద పేర్చుకుని పడుకున్నాను.

శనివారం ఆరింటికి షిమేచెక్ గారు ఫోను చేశారు. "పంతులుగారూ, కోత మిషను మీకిస్తానన్న వరసకొచ్చింది. ఏడింటికల్లా సంచులు తెచ్చుకోండి. ఆలస్యమైతే నన్నననొద్దు." వీత్ చెప్పులేసుకుని కారెక్కాడు. నేను సంచీ జిప్పు తీశాను, తాళంచెవి పెట్టినచోటే ఉంది. దిగి బోర్డు తెరిచాను.

తీగ ఏడో స్క్రూ కింద ఉంది. కొస శుభ్రంగా చెక్కి, నిటారుగా దూర్చి, బిగించి ఉంది. ప్లాస్టరు నాలుగు మడతలు పెట్టి బోర్డు పైన అంచుమీద ఉంది. స్క్రూ నెత్తిన ఎర్రటి చుక్క, మిగతా ఆరింటిలాగే గుండ్రంగా. వేలు ఆనించాను. తడి. వేలికంటుకుంది. గోళ్ళరంగు వాసన, ఆ ఘాటు హాప్ వాసనలో కూడా వేరుగా తెలిసింది.

గోళ్ళరంగు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆ తాళాన్ని హెయిర్‌పిన్నుతో తియ్యొచ్చు. ఈ రెండు మాటలూ వరసగా నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత మీటరు తీసి కొలిచాను. ఎర్తు ఉంది. స్విచ్చి వేసి కాగుకీ పైపుకీ మధ్య చూశాను. సున్నా.

మెట్లమీద రబ్బరు బూట్ల చప్పుడైంది. అత్తయ్య. చేతులకి పిండి, ప్లమ్ పళ్ళ రొట్టెలకి కలుపుతున్నట్టుంది. ఆ చేతులకేసి చూశాను. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ చేతులు రెండేళ్ళుగా వణుకుతాయి, సూదిలో దారం నేనే ఎక్కించి ఇస్తాను. అంత గుండ్రటి చుక్క ఆమె పెట్టలేదు.

ఆమె నా వేలికంటిన ఎరుపు చూసింది.

"చేశాడా?" అంది.

"చేశారు," అన్నాను.

వచ్చి కాగు అంచుమీద చెయ్యి పెట్టింది. వేడెక్కుతున్న రాగి, అంతే. కళ్ళు మూసుకోలేదు. ఎంతోసేపు అలా పట్టుకుంది, రైలు కదిలాక కూడా కిటికీ ఊచ వదలనివాళ్ళలా. పిండి వేళ్ళ గుర్తులు రాగిమీద పడ్డాయి.

"మంచి పనివాడు," అంది చివరికి. "ఇంక అరవడానికేం లేదు." అప్పుడు ఏడ్చింది. ఆయన పోయినరోజు కూడా అలా ఏడవలేదు. నేనామెని పట్టుకుని నేనూ ఏడ్చాను, భయమెంతో, దుఃఖమెంతో నాకు తెలియలేదు.

ఎనిమిదింటికి వీత్ రెండు గోతాల పచ్చి హాప్‌తో దిగాడు. ఒంటినిండా తీగల గీతలు. చెప్పులు మెట్లదగ్గరే విడిచి, తెరిచి ఉన్న బోర్డులోకి తొంగిచూశాడు.

"అరె, నాన్న చుక్క! నువ్వు పెట్టావా?" దగ్గరికెళ్ళి వాసన చూశాడు. "అచ్చం ఆయన పెట్టినట్టే ఉందే. గోళ్ళరంగెక్కడిది? ఆ సీసా నేను ఆయన జేబులో..."

"నీళ్ళు పెట్టు," అన్నాను. "ఆలస్యమైతే హాప్ కాయ నల్లబడుతుంది."

రోజంతా కాచాం. మొలకబార్లీ కషాయం పొంగింది, పంపు కక్కింది, గొట్టం ఊడి నేలంతా వరదైంది. నేను గీసిన ప్రతి రిలే గీసినట్టే పనిచేసింది. మధ్యాహ్నం వీత్ చీలమండల్లోతు నీళ్ళల్లో ఒట్టికాళ్ళతో నిలబడి, రెండు చేతులతో కాగు అంచు పట్టుకుని లోపలికి వంగి, "పచ్చగడ్డి వాసనొస్తోంది రోయ్!" అని కేకపెట్టాడు. నేనూ అత్తయ్యా ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ఏమీ కాలేదు. వీత్ వేళ్ళు కాగుమీద హాయిగా ఉన్నాయి.

అక్టోబరు మొదట్లో సీసాలు తెరిచాం. అత్తయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చేదెక్కువైంది," అంది. "ఓతా అయితే ఇంకా వెయ్యమనేవాడు."

ఆ రాత్రి భోజనాలయ్యాక డ్రాయింగు తెరిచి, తీగ రెండో కొస గీశాను. పాత బోర్డు, ఇత్తడిపట్టీ, ఏడో స్క్రూ. తనిఖీ బటను నొక్కాను. మామయ్య వేలిమరక కింద తెర ఖాళీగా ఉంది. తప్పులు లేవు.

బోర్డు తలుపుకి ఆయన పెన్సిల్ బొమ్మ పక్కన అంటించాలని షీటు ప్రింటు తీసి వంటింటి బల్లమీద పెట్టాను. గీసినవారు, నా పేరు. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. వీత్ చూడలేదు. నేను నా డ్రాయింగుని తనిఖీ చేసుకోకూడదు.

"ఏం ఆలోచిస్తున్నావు?" అంది అత్తయ్య, నా భుజంమీదుగా చూస్తూ. "నిజంగా చూసినవాళ్ళ పేరే రాయాలని ఊరందరితో పోట్లాడతావుగా."

ఓతకర్ అని రాశాను. తేదీ గడిలో ఆ ఆగస్టు శనివారం వేశాను.